పుట్టపర్తి చేలలో శలభముల లెక్క

చిత్రావతీ తీరమున, బండరాళ్ల కొండల నడుమ నున్న పుట్టపర్తి పేరు వినని తెలుగువారు అరుదు. సత్యసాయిబాబాగారి జన్మస్థలమగుటచే దేశదేశముల యాత్రికులు అచ్చటికి వత్తురు. 2022వ సంవత్సరమున అది క్రొత్త జిల్లాకు ముఖ్యపట్టణమైనది. నేను మొన్న ఆషాఢమున అచ్చటికి పోయినది మాత్రము యాత్రకు గాదు, శలభములను లెక్కించుటకు. నవ్వకుడు సోదరీమణులారా, సంగతి వినుడు.

ధర్మవరమున రైలెక్కి పోయి దిగితిని. ఊరి వీధులు దాటగానే ఎర్రనేల, వేరుశనగ చేలు, నీరులేని యేటి యిసుక. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన కురియు సీమ యిది. బోరుబావి గలవారు మొక్కజొన్నయో మల్బరీయో పెట్టుకొందురు. ఆ చెంతనే ఒక పల్లెలో మా అక్కగారి కాపురము. ఆమెకు రెండెకరముల మొక్కజొన్న. గట్టునకు ఆవల వరుసకు పిన్నమ్మయగు నొకామె మల్బరీ తోట. ఆ పిన్నమ్మ యింట పట్టుపురుగులను పెంచి, గూళ్లను అమ్మి బిడ్డలను చదివించుకొనుచున్నది.

నిరుడు అక్క చేనికి కత్తెర పురుగు పట్టినది. బావగారు భయపడి, చేను సరిగా చూడకయే, మూడు మారులు మందు కొట్టించిరి. గాలి మల్బరీ వైపు తిరిగినది. ఆ యాకు తిన్న పట్టుపురుగులు, రేపో మాపో గూడు కట్టవలసినవి, తట్టలలోనే చచ్చినవి. పిన్నమ్మ ఒక్క మాటయు అనలేదు. గట్టు మీది దారికి ముండ్లకంప మాత్రము వేయించినది. ఆ కంపను చూచినప్పుడెల్ల అక్కకు అన్నము సహింపలేదు.

ఈ కత్తెర పురుగు మన దేశపుది కాదు. అమెరికా ఖండముల నుండి 2016లో ఆఫ్రికాకు వచ్చి, 2018లో కర్ణాటకమున కనబడి, ఆ యేడే మన చేలలో దిగినది. దీని శలభము ఒక్క రాత్రిలో నూరు కిలోమీటర్లు ఎగురగలదందురు. పురుగు తలపై తలక్రిందులైన ‘వై’ అక్షరము వంటి గీత, తోక దగ్గర చతురముగా నాలుగు నల్లచుక్కలు ఉండును. ఆ గుర్తులచే దానిని పోల్చుకొనవచ్చును.

ఈ యేడు అక్క చేనిలో ఎనిమిది లింగాకర్షక బుట్టలు పెట్టించినది. కఱ్ఱకు కట్టిన గరాటు, పైన మూత, క్రింద పొడుగాటి సంచి. మూత లోపల వేలి గోరంత రబ్బరు ముక్క. ఆడ శలభము మగవానిని పిలుచుటకు విడుచు వాసనకు నకలుగా చేసిన మందు ఆ ముక్కలో నింపియుండును. మన ముక్కునకు ఏమియు తెలియదు. మగ శలభము మాత్రము చీకటిలో ఆ వాసన పట్టుకొని వచ్చి గరాటులో జారును.

శలభము దీపమును మోహించి పడునని కావ్యములలో చదివియుంటిని. ఈ సీమవారికిని అది క్రొత్త గాదు. తొలకరి వాన పడగానే నేలలో నుండి వెలువడు ఎర్ర గొంగళి శలభములను, గట్లపై మంటలు వేసి చంపుట ఇచ్చటి పాత వాడుక. ఈ బుట్టలో వెలుతురు లేదు, మంట లేదు, వాసన యొక్కటే. అట్టి వాసనను మొట్టమొదట కనుగొన్నది పట్టు శలభముననే యట! జర్మనీలో బుటెనాంట్ అను పండితుడు ఇంచుమించు ఐదు లక్షల పట్టు శలభములను పరిశోధించి 1959లో దాని గుట్టు తెలిసికొనెను.

పట్టు కొరకే తెచ్చుకొన్న కీడు కథయు ఒకటి కలదు. 1869 ప్రాంతమున ట్రూవెలో అను ఫ్రెంచివాడు అమెరికాలోని మెడ్‌ఫర్డు పట్టణమునకు ఐరోపా నుండి జిప్సీ శలభమును తెచ్చి పెంచెను. పట్టు రాలేదు; శలభములు తప్పించుకొని యడవుల పాలైనవి. నేటికిని అచ్చటివారు ఏటేట చెట్లకు వేలకొలది వాసన బోనులు కట్టి, అది ఎంతవరకు ప్రాకినదో లెక్కించుచున్నారు.

మొదటి ఉదయము ఎనిమిది బుట్టలలోను కలిపి మూడు శలభములు. రెండవ నాడు రెండు. మూడవ నాడు పదునాలుగు! నేను సంతోషముతో, ‘‘ఇక నీ చేను గట్టెక్కినట్లే’’ అంటిని. అక్క నవ్వినది. ‘‘ఇవన్నీ మగవే గదమ్మే. ఆడది చేన్లోనే తిరుగుతా ఉంటాది. బుట్ట చంపేదానికి గాదు, వచ్చిందని చెప్పేదానికి.’’

నాకప్పుడు తెలిసినది. ఆ లెక్క విని మేము చేనిలోనికి దిగితిమి. ఐదు చోట్ల, చోటికి ఇరువది చొప్పున, నూరు మొక్కల సుడులు విప్పి చూచితిమి. నాలుగింట పురుగు కలదు. కొన్ని యాకులపై నూగు కప్పిన గుడ్ల ముద్దలు కలవు. అవి రెండు మూడు దినములలో పగులునవి. మగ శలభములు మిక్కుటముగా పడిననాడే చూచుటచే అవి మా చేత చిక్కినవి. గుడ్లను నలిపివేసితిమి. దూరపు సాళ్లకు వేపగింజల కషాయము, నూరు లీటర్ల నీటికి ఐదు కిలోల గింజల చొప్పున, సుడులలో పడునట్లు పోయించితిమి. వేపయు పట్టుపురుగునకు పడదు గనుక, మల్బరీ వైపు సాళ్లలో పురుగులను చేతులతోనే ఏరి, సుడులలో ఇసుక పోసితిమి. నడుము విరిగినంత పని యైనది గాని విషపు సీసా విప్పలేదు.

బావగారు రెండు దినములు మాటాడలేదు. ‘‘చేను పోతే ఎవరు పెడతారు?’’ అని వారి భయము. ఆ భయమును తప్పుపట్టలేను. ఇచ్చట ఒక్క పంట పోయిన, మూడేండ్ల అప్పు. పదవ నాడు మరల నూరు మొక్కలు చూడగా ఒక్కదానిలోనే పురుగు కనబడినది. అది చూచి వారే మరునాడు తెల్లవారక ముందు బుట్టలు విప్పుటకు పోయిరి.

నేను బయలుదేరు నాటి ఉదయము అక్క సంచులు దులుపుచుండగా గట్టునకు ఆవల పిన్నమ్మ వచ్చి నిలిచినది. కంప అట్లే యున్నది. దాని మీదుగానే ఆమె అడిగినది: ‘‘ఈ పొద్దు ఎన్ని పడినాయి పాపా?’’ అక్క సంచి దించి, ఒక్కొక్కటిగా లెక్కించి, ‘‘ఐదు పిన్నమ్మా’’ అని చెప్పినది. ఆమె తల యూచి, ఆకు కోసికొనుటకు పోయినది.