వెనుకవరుసవాడు

సోదరీమణులారా! స్పెయిన్ దేశపు ఫుట్‌బాల్ ఆటగానిని గూర్చి నేను వ్రాయబూనుట మీలో కొందఱికి నవ్వు పుట్టింపవచ్చును. ఆటల ముచ్చట మగపిల్లలకు గాని వంటింటివారి కేల యని మీరనవచ్చును. 2010వ సంవత్సరము వఱకు నేనును అట్లే తలచియుంటిని. నా తలపును మార్చినది మా అబ్బాయి కన్నీరు.

ఆ యేడు బడులు తెఱచిన వారమున వాడు సాయంకాలము ఇంటికి వచ్చి, పుస్తకముల సంచిని మూలకు విసరివైచి, మంచముపై బోరగిల పరుండి యేడ్చెను. అప్పటికి వానికి పండ్రెండేండ్లు. ఎంత బుజ్జగించినను నోరు విప్పలేదు. రాత్రి అన్నము కలిపి పెట్టుచుండగా మెల్లగా సంగతి బయటపెట్టెను. ఆటల మాస్టరుగారు వానిని బడి జట్టులో చేర్చుకొనిరి గాని, ముందువరుసలో గాక వెనుకవరుసలో, అనగా ఎదిరిజట్టువారు గోలు కొట్టకుండ అడ్డుకొను డిఫెండరుగా నిలిపిరి. "గోలు కొట్టినవాణ్ణి అందరూ భుజాల మీద ఎత్తుకుంటారమ్మా. వెనకాల నిలబడ్డవాణ్ణి ఎవరు చూస్తారు?" అనెను.

ఆ మాట నాకు సూదివలె గ్రుచ్చుకొనెను. కారణము మీకడ దాచనేల? మా అత్తగారు పక్షవాతముతో మంచము పట్టి అప్పటికి రెండేండ్లు. రేయింబవళ్లు రెండేసి గంటల కొకపర్యాయము ఆమెను ఒత్తిగిలజేసి, వీపు తుడిచి, పొడిబట్ట మార్చుట నా పని. రాత్రులు తలవైపున అలారము పెట్టుకొని లేచెడిదానను. ఆమె వీపున ఒక్క పుండైనను పడలేదు. చూడవచ్చిన చుట్టములు "మీ అత్తగారిది మంచి ఒళ్లమ్మా, పుళ్లు పడలేదు" అని మెచ్చుకొని పోవుచుండిరి. మెచ్చుట ఆ ఒంటిని! పుండు పడియున్నచో నన్ననియుందురు. పడలేదు గావున నేనచట లేనేలేను. ఈ కష్టము నా లోపల చాలకాలముగా కుములుచుండెను. నాకు దక్కనిది నా బిడ్డకైనను దక్కవలెనని, బడికి పోయి వానిని ముందువరుసకు మార్పుడని మాస్టరుగారిని వేడుకొన నిశ్చయించుకొంటిని. ఇంటి పనులలో ఆ పోవుట మూడు వారములు వెనుకబడెను.

ఆ దినములలోనే దక్షిణాఫ్రికాలో ప్రపంచకప్పు పోటీలు జరుగుచుండెను. జులై 7వ తేదీన డర్బన్ నగరమున స్పెయిన్‌కును జర్మనీకిని సెమీఫైనలు. మన గడియారము ప్రకారము ఆట మొదలగుట అర్ధరాత్రి 12 గంటలకు. నేనెట్లును మేలుకొనవలసినదాననే గావున, మావానిని చూడనిచ్చితిని. ఒంటిగంటన్నర వేళ అత్తగారిని ఒత్తిగిలజేసి వచ్చి కూర్చుంటినో లేదో, మైదానపు మూలనుండి షావి అనువాడు బంతిని తన్నెను. వెనుకనుండి పరుగున వచ్చిన గిరజాల జుట్టు మనిషి యొకడు గాలిలోని కెగిరి దానిని తలతో మోదెను. బంతి వలలో పడెను. అది 73వ నిమిషము. స్పెయిన్ ఆ యొక్క గోలుతోనే గెలిచెను. "ఎవర్రా అతను?" అని యడిగితిని. "పుయోల్! డిఫెండరమ్మా, డిఫెండరు!" అని వాడు మంచముపై గంతులు వేసెను.

నాటినుండి తల్లీకొడుకుల మిరువురమును ఆతని కథను కొంచెము కొంచెముగా ఏరి కూర్చుకొంటిమి. కార్లెస్ పుయోల్ 1978 ఏప్రిల్ 13వ తేదీన కెటలోనియాలో, పిరనీస్ పర్వతముల దాపుననున్న లా పోబ్లా దె సెగూర్ అను చిన్నయూర జన్మించెను. చిన్ననాట గోల్‌కీపరుగా ఆడి, భుజమునకు దెబ్బలు తగులుటచే ఆ పని మాని, ముందువరుసకు వచ్చెను. 1995లో బార్సిలోనా క్లబ్బువారి లా మసియా శిక్షణాలయమున చేరెను. అది 1702లో కట్టిన పాత రాతియిల్లు. అచటి గురువులు ఆతనిని కొంచెము కొంచెముగా వెనుకకు జరిపి, కడకు వెనుకవరుసలో నిలిపిరి. "చూచితివా, అతన్ని కూడా వెనక్కే నెట్టారు" అని నేననగా మావాడు మొదటిసారి నవ్వెను.

1999 అక్టోబరు 2వ తేదీన వల్లడోలిడ్ జట్టుతో జరిగిన ఆటలో ఆతడు పెద్ద జట్టున తొలిసారి దిగెను. మఱుసటి యేడు అక్టోబరులో నిజమైన పరీక్ష వచ్చెను. బార్సిలోనాను వీడి వైరిజట్టగు రియల్ మాడ్రిడ్‌లో చేరిన ఫీగో యను మేటి యాటగాడు ఆ దినమున తన పాత మైదానమునకు ప్రత్యర్థిగా తిరిగివచ్చెను. ఆతనిని నీడవలె వెన్నంటుట ఇరువదిరెండేండ్ల పుయోల్ పని. బార్సిలోనా 2–0తో గెలిచెను. ఫీగో గోలు కొట్టలేదు. ఆట లెక్కలలో గోలు కొట్టినవారి పేర్లు నిలిచినవి. కొట్టనీయనివాని పేరునకు ఆ పట్టికలో గడియే లేదు.

ఎత్తున 178 సెంటీమీటర్లే. ఆ స్థానమున నిలుచువారిలో అది పొట్టియే. అయినను 2004లో జట్టునాయకుడై పదేండ్లు ఆ పట్టీని ధరించెను. ఆ క్లబ్బు తరపున 593 ఆటలాడెను. స్పెయిన్ దేశము తరపున 100 ఆటలాడి గోలు కొట్టినది మూడుమార్లు మాత్రమే. ఆ మూటిలో ఒకటి మేము చూచినది.

మావాడు ఆ గోలును తలచుకొని మురియుచుండెను. నాకు మాత్రము వేఱొక లెక్క మనసున నాటుకొనెను. ఆ ప్రపంచకప్పులో స్పెయిన్ ఏడాటలాడి గెలుచుకొనగా, ఎదిరివారు వారిపై కొట్టిన గోలు లెన్ని? రెండే. చివరి నాలుగాటలలో ఒక్కటియు లేదు. ఆ నాలుగింటిని స్పెయిన్ 1–0తోనే గెలిచెను. వెనుకవరుస ఒక్కమారు కన్ను మూసియున్నచో ఆ ఒక్క గోలు దేనికి చాలును? చూరు కారిననాడే ఇల్లు కప్పినవాడు జ్ఞప్తికి వచ్చునట్లు, కారని చూరును ఎవరును తలయెత్తి చూడరు. నేను బడికి పోయి మాస్టరుగారిని అడుగలేదు.

మరుసటి సంవత్సరము మే 28వ తేదీన లండన్‌లోని వెంబ్లీ మైదానమున యూరపు ఛాంపియన్స్ లీగు తుదిపోటీ జరిగెను. బార్సిలోనా మాంచెస్టర్ యునైటెడ్‌ను 3–1తో ఓడించెను. మోకాలి బాధచే పుయోల్ చివరి నిమిషములలో మాత్రమే దిగెను. కప్పును మొదట ఎత్తు గౌరవము నాయకునిది. ఆ జట్టులో ఎరిక్ అబిదాల్ అను మఱియొక వెనుకవరుసవాడు గలడు. ఆ మార్చిలోనే ఆతని కాలేయమున గడ్డకు శస్త్రచికిత్స జరిగెను. రెండున్నర నెలలు తిరుగకమునుపే ఆతడీ పోటీ ఆసాంతము ఆడెను. పుయోల్ నాయకుని పట్టీని ఆతని చేతికి తొడిగించి, నీవే యెత్తుమని కప్పును ఆతనికి విడిచెను. పక్కవాడు పడిన పాటు పక్కవానికే తెలియును గదా!

ఆ మఱునెలలో చుట్టములు మా యింటికి వచ్చి, ఎప్పటివలెనే "మంచి ఒళ్లమ్మా" అనిరి. మావాడు పుస్తకమునుండి తల యెత్తి, "ఒళ్లు మంచిది కాదండీ, మా అమ్మ డిఫెండరు" అనెను. అందఱును పక్కున నవ్విరి. మా వారొక్కరు నవ్వలేదు. ఆ రాత్రి నాకు మెలకువ వచ్చుసరికి మూడు దాటినది. అలారము నా తలవైపున లేదు. కంగారుపడి లేచి చూచితిని. మా వారు తల్లిని ఒత్తిగిలజేసి, ఆమె వీపునకు దిండు ఆన్చుచుండిరి. సరిగా రాలేదు, దిండు జాఱిపోవుచుండెను. నేను చూపించితిని. నాటినుండి రాత్రి రెండు గంటల వంతు వారిది, తెల్లవారుజాము నాది, సాయంకాలము మావానిది.

సోదరీమణులారా, ఓర్పుతో ఊరకుండి చేసికొనిపొమ్మని చెప్పుటకు నేనిది వ్రాయలేదు. ఆ పాఠము మనకు చాలమంది చెప్పియున్నారు. పుయోల్ ఎంత వీరుడైనను వెనుకవరుసను ఒంటరిగా కాయలేదు. 2010లో ఆతని ప్రక్కన పికే, ఇరుప్రక్కల సెర్హియో రామోస్, కాప్దెవిలా, వెనుక గోలు ముంగిట కాసియాస్ నిలిచియుండిరి. ఒక్కనిని నిలిపి కోటంతయు కాయుమనుట ఆటలోనే చెల్లదు; ఇంట మాత్ర మేల చెల్లవలెను? నాకు చప్పట్లు కావలెనని ఇన్నాళ్లు తలచితిని గాని, నాకు కావలసినది తోడు.

2014 మార్చి 4వ తేదీన, ఒప్పందము ఇంకను రెండేండ్లుండగనే, ఆ యేటితో క్లబ్బును వీడెదనని పుయోల్ ప్రకటించెను. మోకాలికి జరిగిన శస్త్రచికిత్సల తరువాత జట్టుకు కావలసిన స్థాయికి తాను రాలేకపోవుచున్నానని ఒప్పుకొనెను. మే నెలలో వీడ్కోలు చెప్పి వెడలెను.

ఆ జూన్ నెలలోనే మా అత్తగారు నిద్రలో వెడలిపోయిరి. ఆమెకు కడపటి స్నానము చేయింప వచ్చిన ముత్తైదువలు ఆమెను ప్రక్కకు త్రిప్పి, ఆరేండ్లు మంచముననున్న ఆ వీపును చూచి, ఒకరి మొగ మొకరు చూచుకొనిరి. వారిలో పెద్దామె నావైపు తిరిగి, "ఇంత శుభ్రంగా ఎవరు చూసుకున్నారమ్మా?" అని యడిగెను.

గుమ్మమున మా వారును మావాడును నిలిచియుండిరి. "మేమందరమూ" అంటిని.