రెండింట్లో ఒకటి ఆగిపోతే?

మా పరకాల నుంచి హన్మకొండ వెళ్లే బస్సు దారిలో ఆగిపోతే దిగి చెట్టు కింద నిలబడతాం. మరి ఆకాశంలో? కూతురి పురిటికి అమెరికా బయల్దేరే ప్రతి తల్లికీ ఉండే భయమే ఇది. వచ్చే నెల నేనూ వెళ్తున్నాను. అందుకే కాస్త చదివి తెలుసుకున్నాను. మీరూ వినండి.

రెండు ఇంజన్ల విమానం, ఒకటి ఆగినా రెండోదానితో ఎగరగలదు, దిగగలదు. అలాగే తయారుచేస్తారు. కాకపోతే ఆగిన వైపుకి దాని ముక్కు తిరిగిపోతుంది. పైలట్ వెంటనే రెండో వైపు కాలి పెడల్ నొక్కి తిన్నగా నిలపాలి. వేగం తగ్గనివ్వకూడదు. చెడిందేదో పైలట్లిద్దరూ చూసుకుని, ఆ తర్వాతే దాన్ని ఆపెయ్యాలి.

అసలు ప్రమాదం తొందరలోనే ఉందండీ! 1989 జనవరి 8న ఇంగ్లండులో కెగ్‌వర్త్ దగ్గర ఒక బోయింగ్ 737లో ఎడమ ఇంజన్ చెడితే, పైలట్లు బాగున్న కుడి ఇంజన్ ఆపేశారు. 47 మంది పోయారు. 2015 ఫిబ్రవరిలో తైపీలోనూ బాగున్న ఇంజనే ఆపారు. 43 మంది పోయారు. అందుకే పైలట్లకి నేలమీదే, సిమ్యులేటర్లో, ఒక ఇంజన్ ఆగినట్టు చేసి మళ్లీ మళ్లీ తర్ఫీదు ఇస్తారు.

మన వంటింట్లో మాత్రం? మూకుడులో నూనె అంటుకుంటే కంగారుగా నీళ్లు పోశామా, ఇల్లే అంటుకుంటుంది. పొయ్యి కట్టేసి మూత పెడితే మంట తనే ఆరిపోతుంది. ఎక్కడైనా ముందు నిలదొక్కుకోవాలి, చూడాలి, ఆ తర్వాతే చెయ్యి వెయ్యాలి.

నాకు మటుకు ధైర్యం వచ్చింది. శొంఠి, వాము సర్దుకుంటున్నాను.