వీపున ప్యాచ్, దారిన మర్రులు

మొదటి లేఖ: మొయినాబాద్, మధ్యాహ్నం

రాజమహేంద్రవరంలోని పెద్దక్కయ్యగారికి, బావగారికి,

మూడు నెలలు దాటినా తగ్గని నడుము నొప్పిని వైద్యులు దీర్ఘకాలిక నొప్పి అంటారు. ఆ లెక్కన ఈ లేఖకుడు ఏనాడో ఆ కోవలో చేరినందున, అతని కుడి భుజం వెనుక ఇప్పుడు బుప్రెనార్ఫిన్ ప్యాచ్ ఒకటి అంటుకొని ఉన్నది. బుప్రెనార్ఫిన్ ఓపియాయిడ్ వర్గంలోనిది, అనగా నల్లమందు నుండి తీసిన, లేదా దాని పోలికతో తయారుచేసిన నొప్పి మందులలో ఒకటి. అక్కయ్యగారు అనుకున్నట్లు ఇది అమృతాంజనం వలె రాసినచోట పనిచేసేది కాదు. మందు చర్మం గుండా కొంచెం కొంచెంగా రక్తంలోకి దిగి, ఏడు రోజులపాటు మెదడులోను వెన్నుపాములోను నొప్పి సంకేతాలను అణచివేస్తుంది. నడుముకు నొప్పియైతే భుజానికి అంటించడమేమిటని బావగారు వెక్కిరించిన మాట వాస్తవమే గాని, శాస్త్రం భుజం పక్షానే ఉన్నది.

మెహిదీపట్నంలో బస్సెక్కినది మొదలు మొయినాబాద్ చేరేవరకు సాగిన వాగ్వాదం ప్యాచ్ గురించి కాదు, టికెట్ గురించి. తెలంగాణ బస్సులలో మహిళలకు 2023 డిసెంబరు నుండి ఉచిత ప్రయాణం ఉన్నప్పటికీ, అది ఈ రాష్ట్రవాసులకే గనుక, ఆంధ్ర చిరునామా గల ఆధార్ కార్డు చూపిన లేఖకుని అర్ధాంగికి కండక్టరు డబ్బు టికెట్టే కొట్టినాడు. “మా ఊళ్లో ఎక్కితే ఊరికే, మీ ఊళ్లో ఎక్కితే పైసలా? ఆడవాళ్లు అక్కడొకరూ ఇక్కడొకరూనా?” అని ఆమె, “రూల్ నేను రాసిన్నా అమ్మా?” అని అతడు, వెనుక సీట్లలోని వారు చెరొక పక్షం వహించి చేసిన చర్చ ముందు శాసనసభ చిన్నబోవును. ఆమె గెలవలేదు, ఓడినట్లు ఒప్పుకొననూ లేదు.

అప్పా కూడలి నుండి మన్నెగూడ వరకు 46 కిలోమీటర్ల ఈ దారి పొడవునా ఉన్న వందలాది మర్రిచెట్ల నీడ కంటికి ఎంత హాయో, గుంతలు నడుముకు అంత శిక్ష. కిటికీ పక్కన కూర్చున్నందున ఎండ నేరుగా భుజం మీద పడి, కొంతసేపటికి కడుపులో తిప్పి, కళ్లు మూతలు పడసాగినవి. వేడి తగిలితే చర్మంలో రక్తప్రసరణ పెరిగి ప్యాచ్‌లోని మందు వేగంగా లోపలికి దిగుతుంది. ఎండైనా, జ్వరమైనా, వేడినీళ్ల సంచియైనా ఫలితం ఒకటే. అర్ధాంగి తన కొంగును కిటికీకి అడ్డుగా పట్టుకొని కూర్చున్నది.

మొయినాబాద్ దగ్గరి చిలుకూరు బాలాజీ దర్శనమైనది. హుండీ లేని ఆ గుడిలో వీసా కోరిక తీరినవారు 108 ప్రదక్షిణలు చేస్తుండగా, వీసా అక్కరలేని ఈ నడుము పదకొండుతో సరిపుచ్చుకొన్నది.

రెండవ లేఖ: చేవెళ్ల, రాత్రి

వాన కురిసి చల్లబడినది, వాంతి భావం తగ్గినది, కనుక అక్షరాలు కొంత కుదురుగా ఉన్నవి. రాత్రి భోజనం గురించి చెప్పకుండా వైద్యం గురించి చెప్పడం అన్యాయం. కట్టెల పొయ్యిమీద కాల్చిన జొన్నరొట్టె, చేవెళ్ల టమాటాతో నూరిన పచ్చడి, పచ్చి ఉల్లిగడ్డ, పాలకూర పప్పు, ఆపై పచ్చిపులుసు. ఓపియాయిడ్ మందులు పేగుల కదలికను మందగింపజేసి మలబద్ధకం కలిగిస్తాయి. వాంతి భావం కొన్నాళ్లకు అలవాటుపడి తగ్గుతుంది గాని మలబద్ధకం తగ్గదు. కనుక అర్ధాంగి పీచున్న మూడవ రొట్టె వడ్డించినది వాత్సల్యంతో మాత్రమే కాదు. గోదావరి జిల్లాల పులస చేప గురించి ఇక్కడ గొప్పలు చెప్పబోగా, వడ్డించిన పెద్దమ్మ “అన్నం లేకుంటే మీరు బతకరు బిడ్డా” అని జాలిపడినది.

భోజనానంతరం ప్యాచ్ మార్చే కార్యక్రమం జరిగినది. పాతదాని అంచులకు బస్సు దుమ్ము, చొక్కా నూలు పోగులు అంటుకొని నల్లని గీత కట్టినవి. ఊడదీయగా కింద చర్మం నాలుగు పలకలుగా ఎర్రబడి ఉన్నది. అదేచోట మళ్లీ మూడు వారాల వరకు అంటించరాదు గనుక కొత్తది ఎడమ భుజానికి మారినది. పాతదానిలో ఇంకా మందు మిగిలే ఉంటుంది. కనుక జిగురు వైపు లోపలికి అంటుకొనేలా సగానికి మడిచి పారవేయవలెను.

చేవెళ్ల ప్రభుత్వ ఆసుపత్రిలో ఉపశమన చికిత్సా కేంద్రం ఉన్నది. ఉపశమన చికిత్స అనగా తీవ్రమైన వ్యాధి ఉన్నవారి నొప్పిని, బాధను తగ్గించే వైద్యం. మంచం పట్టిన వారి కోసం ‘ఆలన’ పేరిట వాహనాలు ఊళ్లకు వెళ్తాయి. క్యాన్సర్ నొప్పితో నిద్రలేని మనిషికి చవకైన మార్ఫిన్ మాత్ర, మింగలేని స్థితిలో మూడు రోజులు పనిచేసే ఫెంటానిల్ ప్యాచ్ నిజమైన వరాలు. 1960 ప్రాంతంలో బెల్జియంలో పాల్ జాన్సెన్ తయారుచేసిన ఫెంటానిల్, మార్ఫిన్‌కు సుమారు వంద రెట్లు బలమైనది. అందుచేత ఓపియాయిడ్లకు శరీరం అలవాటుపడినవారికే ఆ ప్యాచ్ ఇస్తారు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం భయంతో ఈ మందులు ఆసుపత్రులలోనే అరుదైపోగా, 2014 సవరణ మార్ఫిన్, ఫెంటానిల్ సహా ఆరింటిని అత్యవసర మాదక ఔషధాలుగా గుర్తించి దారి సుగమం చేసినది.

అయితే నడుము నొప్పి సంగతి వేరు. నొప్పి వీపున, కీళ్లలో ఉన్న 240 మందిపై అమెరికాలో ఏడాదిపాటు సాగి 2018లో వెలువడిన పరిశోధనలో, అవసరమైతే ఫెంటానిల్ ప్యాచ్ వరకు వెళ్లిన ఓపియాయిడ్ బృందం, ఓపియాయిడ్ కాని మామూలు మందుల బృందం కంటే మెరుగ్గా నడవలేదు, పనిచేయలేదు. దీర్ఘకాలిక నడుము నొప్పికి ఈ మందులను మామూలుగా వాడరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పినది. లేఖకుని అనుభవం దీనికి భిన్నంగా లేదు: ప్యాచ్ నొప్పి పదునును తగ్గించినది గాని నడుమును వంచనీయలేదు; ఉదయపు నడక, వైద్యుడు నేర్పిన వ్యాయామమే ఆ పని చేసినవి. ఇక్కడి తోటలలో రోజంతా వంగి క్యారెట్ పీకే స్త్రీల నడుములకు ప్యాచ్ కంటే పని మధ్య విరామమే పెద్ద మందు.

ఈ ప్రాంతంలో మరొక ప్రమాదం కల్లు. తెలంగాణలో కల్లులో అల్ప్రాజోలం అనే నిద్రమందు కలిపిన కేసులు అనేకం నమోదైనవి. ఆ కల్లు, ఈ ప్యాచ్ ఒకే ఒంట్లో కలిస్తే ఊపిరి మందగించి ప్రాణమే పోవచ్చు. బావగారు రాత్రిళ్లు వేసుకొనే చిన్న మాత్ర కూడా అల్ప్రాజోలం జాతిదే. కనుక మోకాలి కోసం ఒక ప్యాచ్ తనకూ తెచ్చిపెట్టమని వారు పంపిన సందేశానికి సమాధానం ఇదే: వీలుపడదు. ఒకరికి రాసిన ప్యాచ్ మరొకరికి అంటించరాదు.

ఇంటికి వచ్చాక ఈ మందును ఒక్కసారిగా ఆపక, వైద్యుని సలహాతో క్రమంగా తగ్గించడానికి లేఖకుడు నిశ్చయించినాడు. అంతవరకు అలమారలోని మిగతా ప్యాచ్‌ల పెట్టెను పసివాని చేతికి అందని పై అరలో పెట్టి తాళం వేయవలసినదిగా అక్కయ్యగారికి మనవి. ఫెంటానిల్ ప్యాచ్‌ను జిగురు కాగితమనుకొని పిల్లలు ఒంటికి అంటించుకొని మరణించిన సందర్భాలు ఇతర దేశాలలో నమోదై ఉన్నవి.