డబ్బు పుచ్చుకోని ఎక్స్‌ట్రాలు

సినిమా పత్రికలో ఫుట్‌బాల్ గోలేవిటయ్యా అని మీరు విసుక్కోకముందే ఒక్క మాట! ఇది గోల్స్ కథ కాదు, ప్రేక్షకుల కథ. టిక్కెట్టు కొని, గొంతు పోయేలా కేకలేసి, మర్నాడు ఆఫీసులో ఆవులించే మనబోటి వాళ్ళ కథ. జర్మనీలో అలాంటి వాళ్ళు టీవీ వాళ్ళనీ, టీవీని పోషించే డబ్బునీ ఎదిరించి నిలబడ్డారు. ఒకసారి కాదు, మూడుసార్లు నెగ్గారు కూడా. ఎలా నెగ్గారన్నది మనం తెలుసుకోవలసిన సంగతే.

ముందు వ్యాపారం చూద్దాం. సినిమా హాల్లో సరుకు తెరమీద ఉంటుంది, మనం కొంటాం. ప్రకటనల మీద బతికే చానెల్ ముందు కూర్చున్నప్పుడు మాత్రం సరుకు మనమే! సబ్బుల కంపెనీ వాడికి మన కళ్ళని నిమిషాల లెక్కన అమ్ముతారు. క్రికెట్ అయితే ఆ వ్యాపారానికి పెట్టిన కోట. ఓవరు ఓవరుకీ ఓ సందు దొరుకుతుంది. పాపం, ఫుట్‌బాల్‌తోనే వచ్చింది చిక్కు. 45 నిమిషాలపాటు బంతి పరుగెడుతూనే ఉంటుంది. మధ్యలో 15 నిమిషాల విశ్రాంతి, మళ్ళీ 45 నిమిషాలు. ఆ విశ్రాంతిలో ఎన్ని ప్రకటనలని ఇరికిస్తారు?

అంచేత వాళ్ళొక ఉపాయం పన్నారు. జర్మనీలో ఫుట్‌బాల్ అంటే శనివారం మధ్యాహ్నం మూడున్నర. తాతలనాటి అలవాటు. ఆటలన్నీ ఒకే వేళకి జరిగితే టీవీకి దొరికేది ఒకే విశ్రాంతి. అదే శుక్రవారం ఒకటి, శనివారం రాత్రి ఒకటి, ఆదివారం ఇంకోటి, సోమవారం మరోటి అని విడదీస్తే? ఎన్ని వేళలో అన్ని విశ్రాంతులు, అంత డబ్బు! ఒకే సినిమాని నాలుగు ముక్కలు చేసి నాలుగు టిక్కెట్లు అమ్మినట్టు.

దీనికి విరుగుడుగా ఎవరికైనా తట్టే మొదటి ఆలోచన ప్రకటనల్ని బహిష్కరించడం. ప్రకటన రాగానే టీవీ కట్టేద్దాం, ఆ సబ్బు కొనడం మానేద్దాం అని. వినడానికి బాగానే ఉంది గానీ, నిజానికి విశ్రాంతి వేళ ప్రకటనలు చూసేవాడు ఎంతమందండీ? ఇంగ్లండులో కరెంటు వాళ్ళకి ఈ సంగతి బాగా తెలుసు. 1990 జూలై 4న ప్రపంచ కప్పు సెమీఫైనల్లో ఇంగ్లండు పశ్చిమ జర్మనీ చేతిలో పెనాల్టీలతో ఓడిపోయిన మరుక్షణం అక్కడ కరెంటు వాడకం ఒక్కసారిగా 2,800 మెగావాట్లు పెరిగింది. జనమంతా లేచి టీ కెటిల్ మీట నొక్కారన్నమాట! మనం టీ పెట్టుకోవడానికి లేవడం కూడా ఒకరకం బహిష్కరణే. కాకపోతే దాన్ని చూసి చానెల్ వాడు జడుసుకోడు.

ఎందుకంటే వాడికి మీరు కనబడరు. ఎంతమంది చూస్తున్నారన్న లెక్కలు కొన్ని వేల ఇళ్ళలో మీటర్లు పెట్టి తీస్తారు, దేశమంతటికీ దాన్నే హెచ్చవేస్తారు. మీ ఇంట్లో మీటరు లేకపోతే మీరు టీవీ కట్టేసినా ఒకటే, కిటికీలోంచి విసిరేసినా ఒకటే. కోపం మీదే, నష్టం మీదే. ఊరూవాడా ఒకేసారి ముఖం తిప్పుకుంటే తప్ప ఆ మీటరు కదలదు.

అలా కదిలిన సందర్భం ఒకటుంది. 2001లో కిర్ష్ అనే టీవీ వ్యాపారి చేతిలో జర్మన్ లీగు ప్రసార హక్కులుండేవి. సాట్ 1 చానెల్లో శనివారం సాయంత్రం అందరూ ఉచితంగా చూసే ఫుట్‌బాల్ కార్యక్రమాన్ని ఆయనగారి మనుషులు రాత్రి 8.15కి జరిపారు. అంతసేపు ఆగలేనివాళ్ళు చచ్చినట్టు డబ్బు కట్టి ఆయనదే అయిన ప్రీమియర్ చానెల్ చూస్తారని ఎత్తు! ఏమయింది? జనం డబ్బూ కట్టలేదు, రాత్రి దాకా కాచుక్కూర్చోనూ లేదు. చూసేవాళ్ళ సంఖ్య దభీమని పడిపోయింది. చూసేవాళ్ళు లేని ప్రకటనకి డబ్బెవడిస్తాడు? కొన్ని వారాలకే కార్యక్రమాన్ని తిరిగి 7 గంటలకి తెచ్చారు. మరుసటి ఏడాది, 2002 ఏప్రిల్‌లో, కిర్ష్ మీడియా దివాలా తీసింది. దానికి కారణాలు వేరే చాలా ఉన్నాయనుకోండి.

ఆ రోజుల్లోనే అభిమానులు ‘ప్రో 15:30’ అని ఓ సంఘం పెట్టుకున్నారు. మూడున్నరే మా వేళ అని దానర్థం. అయితే వాళ్ళ చేతిలో ఇంకో పెద్ద ఆయుధం ఉందని లోకానికి తెలియడానికి మరికొన్నేళ్ళు పట్టింది. ఆ ఆయుధం ఏవిటో చెప్పాలంటే మా ఊళ్ళో షూటింగ్ సంగతి చెప్పాలి.

నా చిన్నప్పుడు మా ఊరి చెరువుగట్టు మీద ఓ సినిమా తీశారు. జాతర సీను. ఎక్స్‌ట్రాలని పట్నం నుంచి తెస్తే ఖర్చని, ఊరి జనాన్నే నిలబెట్టారు. ఇచ్చింది తలా ఓ పులిహోర పొట్లం! పొద్దుట్నుంచీ ‘ఇటు నడవండి, అటు అరవండి’ అంటే జనం నడిచారు, అరిచారు. సాయంత్రమయ్యేసరికి గేదెలు పాలకొచ్చే వేళయిందని ఒక్కొక్కరూ ఇళ్ళకి జారుకున్నారు. హీరో ఉన్నాడు, కెమెరా ఉంది, లైట్లున్నాయి. జాతర లేదు! షూటింగ్ ఆగిపోయింది. డైరెక్టరుగారు ఆ రోజే మొదటిసారి మా ఊరి వాళ్ళని ‘అయ్యా, బాబూ’ అన్నాడు.

స్టేడియంలో జనం సరిగ్గా ఇదే. ఆటగాళ్ళకి కోట్లు, టీవీ వాళ్ళకి కోట్లు. గోల్ పడినప్పుడు ఇంట్లో కూర్చున్నవాడికి ఒళ్ళు జలదరించేలా చేసే ఆ హోరు మాత్రం ఉచితం. ఉచితమంటే తప్పు, వాళ్ళే ఎదురు డబ్బిచ్చి అరుస్తారు. మరి వాళ్ళు అరవడం మానేస్తే?

2017–18 నుంచి నాలుగు సీజన్లకి జర్మన్ లీగు తన ప్రసార హక్కుల్ని 464 కోట్ల యూరోలకి అమ్మింది. ఆ ఒప్పందంతోపాటు పెద్ద లీగులోకి సోమవారం రాత్రి ఆటలొచ్చాయి, ఏడాదికి ఐదు. యూరప్ పోటీల్లో ఆడే జట్లకి విశ్రాంతి కోసమన్నారు. పనిచేసుకు బతికే అభిమాని మాటేవిటి? సోమవారం రాత్రి ఎనిమిదిన్నరకి డోర్ట్‌మండ్‌లో ఆటంటే, ఆగ్స్‌బర్గ్ కుర్రాడు ఐదువందల కిలోమీటర్లపైన ప్రయాణం చేసి వెళ్ళాలి. మంగళవారం పొద్దున్న వాడి ఉద్యోగానికి ఎవరు పోతారు?

2018 ఫిబ్రవరి 19న ఫ్రాంక్‌ఫర్ట్‌లో మొదటి సోమవారం ఆట. అభిమానులు మైదానంలోకి టెన్నిస్ బంతులు కురిపించారు. ఆట ఆలస్యంగా మొదలై, విశ్రాంతి తర్వాత కూడా ఆలస్యమైంది. మరుసటి సోమవారం డోర్ట్‌మండ్‌లో ఇంకా గట్టి దెబ్బ. అక్కడ దక్షిణం వైపు గ్యాలరీలో సుమారు 25 వేల మంది పసుపు బట్టల్లో నిలబడి పాడతారు. ‘పసుపు గోడ’ అని దానికి లోకప్రసిద్ధమైన పేరు. టీవీ వాళ్ళు ఆ గోడని చూపించే ఆటని అమ్ముకుంటారు. ఆ రాత్రి గోడకి బీటలు పడ్డాయి! 81 వేల మంది పట్టే స్టేడియానికి సుమారు 54 వేల మందే వచ్చారు. ఆ ఆట దృశ్యాలు నేను తర్వాత చూశాను. బంతి వెళుతోంది, ఆటగాళ్ళు పరుగెడుతున్నారు, వెనకాల బోసిపోయిన మెట్లు. రీరికార్డింగు కాని రష్ ప్రింటు చూసినట్టుంది. చానెల్ మార్చేద్దామనిపించింది, ఒట్టు!

అదీ వాళ్ళ విజయం. ఇంట్లో టీవీ కట్టేసినవాణ్ణి ఎవరూ చూడరు. గ్యాలరీలో లేనివాణ్ణి మాత్రం దేశమంతా చూస్తుంది. అదే ఏడాది నవంబరులో, పాత ఒప్పందం ముగిశాక 2021–22 నుంచి సోమవారం ఆటలుండవని లీగు ప్రకటించింది.

ముచ్చటగా మూడోది ఈమధ్యదే. 2023 డిసెంబరులో లీగు పెద్దలు ప్రసార హక్కుల ఆదాయంలో 8 శాతం వాటాని 20 ఏళ్ళపాటు ఓ పెట్టుబడిదారుకి ఇచ్చి వందకోట్ల యూరోల దాకా తెచ్చుకుందామనుకున్నారు. 36 క్లబ్బుల్లో 24 సరేనన్నాయి. డబ్బు పెట్టినవాడు ఆట వేళలు కూడా శాసిస్తాడని అభిమానులు భయపడ్డారు. మొదట ఆట ఆరంభంలో 12 నిమిషాలు మౌనం పాటించారు. పన్నెండో ఆటగాళ్ళం మేమే అని! తర్వాత మళ్ళీ టెన్నిస్ బంతులు, చాక్లెట్ నాణేలు. బెర్లిన్‌లో ఒక ఆట అరగంటపైన ఆగిపోయింది. 2024 ఫిబ్రవరి 21న లీగు ఆ ఆలోచనకే స్వస్తి చెప్పింది.

‘ఆ టీవీ డబ్బుతోనే కదా గొప్ప ఆటగాళ్ళొచ్చేది’ అని మీరనవచ్చు. నిజమే. ఆట ఆగితే ఇంట్లో చూసే ముసలాయనకీ, మంచాన పడ్డ రోగికీ అన్యాయమే కదా అనీ అనవచ్చు. అదీ నిజమే. స్టేడియానికి వెళ్ళగలిగినవాడే అభిమాని అని నేననను. కానీ బేరం జరిగేటప్పుడు ఆ ముసలాయన్ని మాత్రం ఎవరడిగారు గనక? టెన్నిస్ బంతి పడ్డాకే కదా ప్రేక్షకుడనేవాడు ఒకడున్నాడని బేరగాళ్ళకి గుర్తొచ్చింది!

మన సంగతికొద్దాం. 2009 ఐపీఎల్‌లో ప్రతి ఇన్నింగ్సు మధ్యలో ఏడున్నర నిమిషాల ‘వ్యూహ విరామం’ పెట్టారు. వ్యూహం ఎవరిదో ప్రకటనలు చూస్తేనే తెలిసేది. విమర్శలొచ్చి మరుసటి ఏడాది దాన్ని రెండున్నర నిమిషాల చొప్పున రెండు ముక్కలు చేశారు గానీ, విరామం పోలేదు. మనం సణుక్కున్నాం, టీ పెట్టుకున్నాం, వచ్చి కూర్చున్నాం.

మొదటి రోజు మొదటి ఆటకి కాగితాలు ఎగరేసేదీ, ఈలలేసేదీ, ఆ హడావిడి టీవీల్లో చూపించి మర్నాటి జనాన్ని రప్పించుకోవడానికి పనికొచ్చేదీ మీరే. టిక్కెట్టు ధర పెరిగినప్పుడు మిమ్మల్ని అడిగారా? అడగరు. మీరు ఎలాగూ వస్తారని వాళ్ళకి తెలుసు. నన్నడిగితే టెన్నిస్ బంతులేం అక్కర్లేదు. ఆ ఒక్క రోజూ, ఆ హీరో అభిమానులే, మాట్లాడుకుని హాలు ఖాళీగా ఉంచగలరా? ఆలోచించి చెప్పండి.