ఆ కప్పు సంగతి

మొన్న ఏప్రిల్లో రిటైరయ్యాను. సన్మానం రోజున మా ప్రిన్సిపాల్ గారు మైకు పట్టుకుని, "మేడమ్ గారు 26 ఏళ్లలో మన కాలేజీకి 11 కబడ్డీ కప్పులు తెచ్చారు. ఈ విజయ రహస్యమేంటో ఆవిడే చెప్పాలి" అని మైకు నా చేతికిచ్చారు. శాలువా సర్దుకుని క్రమశిక్షణ, పట్టుదల, తల్లిదండ్రుల సహకారం అని ఏవో నాలుగు మాటలు చెప్పి కూర్చున్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. అసలు చెప్పాల్సింది మాత్రం చెప్పలేదు. ఆ 11 కప్పుల్లో ఒకదాన్ని చూసినప్పుడల్లా నాకు తల దించుకోవాలనిపిస్తుంది. ఇన్నాళ్లకు ఆ సంగతి ఇక్కడ చెబుతున్నాను.

మాది ఉంగుటూరు. అటు తాడేపల్లిగూడెం, ఇటు ఏలూరు, మధ్యలో మేము. దగ్గర్లోనే ఓ డిగ్రీ కాలేజీలో ఫిజికల్ డైరెక్టర్‌గా చేశాను. నేను చేరేటప్పటికి ఆడపిల్లల ఆటలంటే స్పోర్ట్స్ డే నాడు లెమన్ అండ్ స్పూన్, ముగ్గుల పోటీ. అంతే. "కబడ్డీ జట్టు కడదాం సార్" అంటే అప్పటి ప్రిన్సిపాల్ గారు నన్ను ఎగాదిగా చూసి, "ఆడపిల్లలు కబడ్డీ ఏంటమ్మా, ఒకళ్ల మీద ఒకళ్లు పడిపోయి!" అన్నారు. కబడ్డీకి ఖర్చు లేదన్నాను. బ్యాటక్కర్లేదు, బంతక్కర్లేదు, సున్నం బస్తా ఒకటుంటే చాలన్నాను. ఆ మాటకి ఒప్పుకున్నారు.

కాలేజీ వెనక తుమ్మచెట్లు కొట్టించి, గూడెం వైపు నుంచి రెండు ట్రాక్టర్ల ఎర్రమట్టి తోలించాం. రాళ్లూ గాజుముక్కలూ లేకుండా పిల్లలే జల్లెడ పట్టారు. ఆడవాళ్ల కోర్టు 12 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు. టేపు పట్టుకుని నేనే కొలిచి గీతలు వేశాను. సింథటిక్ మ్యాట్ మీద ఆడే రోజులు మాకు చాలా ఏళ్ల తర్వాత గానీ రాలేదు.

పిల్లలు పూళ్ల, కైకరం, భీమడోలు నుంచి ప్యాసింజర్ బండిలో వచ్చేవాళ్లు. కొల్లేరు వైపు వాళ్లయితే రెండు ఆటోలు మారాలి. సాయంత్రం బండి టైమయ్యిందంటే కూత మధ్యలో ఉన్న పిల్ల కూడా బ్యాగు తీసుకుని పరుగే. బండి లేటని తెలిసిన రోజు మాకు పండగ. ఇంకో అరగంట ఆడుకునేవాళ్లం.

ఆట నేర్పడం కంటే ఇళ్లకెళ్లి ఒప్పించడమే పెద్ద పని. ఒక తండ్రి "ప్యాంటు వేసుకుని ఆడతదా, రేపు సంబంధాలొస్తాయా?" అనేవాడు. ఒక తల్లి "కాలో చెయ్యో విరిగితే ఎవరు చూస్తారు మేడమ్ గారూ?" అని అడిగేది. "నేను చూస్తాను, నాదీ పూచీ" అనేదాన్ని. ఎన్ని ఇళ్ల అరుగుల మీద ఆ మాట అన్నానో లెక్కలేదు. ఆ మాట గుర్తుపెట్టుకోండి.

రెండో పని తిండి. పొద్దున్న ఏడింటికి ఏదో ఇంత తిని బయల్దేరిన పిల్ల సాయంత్రం నాలుగింటికి ఏం కూత పెడుతుంది? కళ్లు తిరిగి పడిపోయేవాళ్లు. రక్తపరీక్ష చేయిస్తే జట్టులో సగం మందికి రక్తం తక్కువ. మా జిల్లాలో గుడ్లకు కరువా? స్టాఫ్ రూములో తలా ఇంతని వేసుకుని రోజుకి పిల్లకు రెండు ఉడికించిన గుడ్లు, ఒక వేరుశనగ ఉండ పెట్టాం. నన్నడిగితే మా మొదటి కప్పు తెచ్చింది ఆ గుడ్లే.

ఇక మన కథలోకి వస్తాను. ఆ అమ్మాయి పేరు రాయను. జెర్సీ నంబరు 7, అలాగే పిలుస్తాను. ఊరు కొల్లేటి లంక. 2006లో కొల్లేరు ఆపరేషన్ జరిగి అయిదో కాంటూరు లోపలి చేపల చెరువుల గట్లు కొట్టేశారు కదా. అప్పుడు వాళ్ల నాన్న వాటా ఉన్న చెరువు కూడా పోయింది. సరస్సు బతకాలంటే ఆ గట్లు పోవాల్సిందే అనేవాళ్లున్నారు, మా బతుకులేం కావాలనేవాళ్లూ ఉన్నారు. ఆ తండ్రి మాత్రం వేరే వాళ్ల చెరువుకి కాపలాగా కుదిరాడు. పిల్ల చిన్నప్పట్నుంచీ దోనె నడిపింది, నీళ్లలో వలలు లాగింది. ఆ భుజాలు, ఆ ఊపిరి అక్కడివే. కూతకి 30 సెకన్లిస్తారు. ఆ 30 సెకన్లూ గొంతు తగ్గకుండా "కబడ్డీ కబడ్డీ" అంటూ ఎదుటివాళ్ల గీత మీద కొంగలా ఒంటికాలి మీద నిలబడేది. ఎప్పుడు ముందుకు దూకుతుందో నాకే తెలిసేది కాదు.

2010లో గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మొదటిసారి మహిళల కబడ్డీ పెట్టారు. మన వాళ్లు బంగారం తెచ్చారు. ఆ వార్త పేపర్లోంచి కత్తిరించి స్టోర్ రూము తలుపుకి అంటించుకున్నారు మా పిల్లలు. మమతా పూజారి సికింద్రాబాద్‌లో మన దక్షిణ మధ్య రైల్వేలోనే ఉద్యోగమని తెలిసి నంబర్ 7 నన్నడిగింది. "ఆడితే నిజంగా రైల్వే ఉద్యోగం ఇస్తారా మేడమ్?" "యూనివర్సిటీ జట్టులోకి ఎక్కు, సౌత్ జోన్ ఆడు, ఆ తర్వాత దారి అదే కనిపిస్తుంది" అన్నాను. ఆ రోజు నుంచి ప్రాక్టీసుకి ఒక్క పూట మానలేదు.

మరుసటి ఏడాది అంతర కళాశాలల పోటీలు. పొద్దున సెమీఫైనల్, సాయంత్రం నాలుగింటికి ఫైనల్. సెమీఫైనల్లో మేం తేలిగ్గానే గెలుస్తున్నాం. నంబర్ 7 కూతకెళ్లి, చీలమండ పట్టబోయిన పిల్ల మీంచి ఎగిరి దూకింది. ఎడమకాలు నేలకానగానే "టక్" మని చప్పుడు. గీత అవతల కూర్చున్న నాకు వినిపించింది. కింద పడి, లేచి, కుంటుకుంటూ వచ్చి "ఏం కాలేదు మేడమ్" అంది. స్ప్రే కొట్టి, క్రేప్ బ్యాండేజ్ కట్టాను.

భోజనాల వేళకి మోకాలు ఉబ్బింది. చెయ్యి వేస్తే వేడిగా ఉంది. నేను బీపీఈడీ చదివినదాన్ని. చప్పుడు వినబడి, గంటల్లో వాపొచ్చిందంటే లోపల లిగమెంట్‌కి దెబ్బ తగిలి ఉంటుందని నాకు తెలుసు. తెలియదని చెప్పుకోవడానికి లేదు.

"ఆడగలవా?" అనడిగాను. అసలు అడగకూడని ప్రశ్న అది. యూనివర్సిటీ సెలెక్టర్లు ఎదురుగా కుర్చీల్లో కూర్చున్నారు. 20 ఏళ్ల పిల్ల, తలుపు మీద ఆ పేపరు కత్తిరింపు రోజూ చూసుకునే పిల్ల, ఆడలేనని ఎందుకంటుంది? "ఆడతాను మేడమ్" అంది. "సరే, అవసరమైతేనే దింపుతా. చివర్లో అయిదు నిమిషాలు" అన్నాను. అలా అని నా మనసుకి నేనే సర్దిచెప్పుకున్నాను.

అవసరం పడింది. రెండో సగంలో రెండు నిమిషాలుందనగా 24-21, మూడు పాయింట్లు వెనకబడి ఉన్నాం. నా చెయ్యి దానంతటదే లేచింది. నంబర్ 7 లోపలికెళ్లింది. ఎదుట ఏడుగురూ ఉన్నారు. బోనస్ గీత దాటింది. వెనక్కి తిరిగేలోపు ఇద్దరు నడుం, తొడ పట్టేశారు. వాళ్లిద్దరినీ ఈడ్చుకుంటూ వచ్చి, మోకాలు మడత పడిపోతున్నా ముందుకి పడి, చేత్తో మధ్యగీత తాకింది. బోనస్ ఒకటి, పట్టుకున్న వాళ్లిద్దరూ ఔటు. 24-24. తర్వాత వాళ్ల కూతని మా కార్నర్ పిల్ల పట్టేసింది. ఒక్క పాయింటుతో గెలిచాం.

పిల్లలు నన్ను ఎత్తేశారు. ఆ ఎత్తు నుంచి చూస్తే నంబర్ 7 గీత బయట కూర్చుని, రెండు చేతుల్తో మోకాలు పట్టుకుని నవ్వుతోంది. కళ్ల వెంట నీళ్లు. ఆనందంతో అనుకున్నాను. మర్నాడు పేపర్లో కప్పుతో మా ఫోటో వచ్చింది. అందులో ఆ పిల్ల లేదు. ఫోటో తీసే వేళకి ఆటోలో పడుకోబెట్టి పంపించేశాం.

స్కానింగ్‌లో ముందుండే లిగమెంట్ పూర్తిగా తెగింది, లోపలి మెత్తటి గిన్నెలాంటి పొర కూడా చిరిగింది. "లిగమెంటు మొదటి దెబ్బకే పోయి ఉంటుంది. ఆ తర్వాత మళ్లీ ఆడించారా?" అని అడిగారు ఏలూరులో డాక్టరు గారు. నేను తలూపాను. ఆయన ఇంకేం అనలేదు. కాగితం మీద రాసుకుంటూ ఉండిపోయారు.

పదిహేను రోజులకి యూనివర్సిటీ క్యాంపుకి రమ్మని ఉత్తరం వచ్చింది. నంబర్ 7 పేరు పైనే ఉంది. ఆ ఉత్తరం ఇవ్వడానికి లంకకి వెళ్లాను. వాళ్లమ్మ నన్ను మంచం మీద కూర్చోబెట్టి టీ ఇచ్చి, వచ్చేటప్పుడు కాగితంలో ఎండుచేపలు చుట్టి చేతిలో పెట్టింది. "మీరు మా పిల్ల మంచికే చేశారు మేడమ్ గారూ" అంది. నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది. "నాదీ పూచీ" అని చెప్పింది ఆ అరుగు మీదే కదా. ఆపరేషన్‌కి చందాలు పోగవడానికి ఏడాది పైనే పట్టింది. నడక వచ్చింది గానీ ఆట మళ్లీ రాలేదు.

ఆ తర్వాత కూడా కప్పులొచ్చాయి. నేనూ మామూలుగానే ఉన్నాను. నా తప్పుకి పేరు పెట్టింది మాత్రం అమెరికాలో ఓ గోల్ఫ్ మైదానం.

2018 దసరాకి మా తమ్ముడింటికి వెళ్లాను. మేనకోడలు అక్కడ కాలేజీ గోల్ఫ్ జట్టులో ఆడేది. గోల్ఫంటే నాకు పాత సినిమాల్లో జమీందార్లు ఆడే ఆట అనే తెలుసు. విశాఖలో ఈస్ట్ పాయింట్ క్లబ్బు గోడ బయట నుంచి చూశానంతే. అక్కడ చూస్తే ఆడపిల్లలు తమ సంచీలు తామే మోసుకుని, రోజంతా మైళ్ల కొద్దీ నడుస్తూ ఆడుతున్నారు. ఎవరి బంతి వాళ్లదే, కానీ జట్టు ఆట. అయిదుగురు ఆడతారు, బాగా ఆడిన నలుగురి లెక్కే జట్టుకి కలుపుతారు. అంటే ఒకళ్లకి బాగోని రోజున మిగతా నలుగురూ కాస్తారు. 1972లో వచ్చిన టైటిల్ నైన్ చట్టం వల్ల అక్కడి చదువుల్లో ఆడపిల్లలకీ ఆటలో వాటా దక్కింది. స్టాన్‌ఫర్డ్ అమ్మాయిల జట్టు 2015, 2022, 2024లో జాతీయ కప్పు గెలిచింది. మూడుసార్లూ కోచ్ ఆన్ వాకర్ అనే ఆవిడే. మన దేశం నుంచి వెళ్లిన దంపతుల బిడ్డ మేఘా గన్నే ఆ జట్టులో ఆడుతూనే 2025లో అమెరికా మహిళల అమెచ్యూర్ టైటిల్ గెలిచింది. ఇవన్నీ తర్వాత ఆసక్తితో చదువుకున్నవి.

నేను చూసింది వేరు. రెండో రోజు పొద్దున జట్టులో ఒకమ్మాయికి మణికట్టు నొప్పి. ఆడతానని ఏడుస్తోంది. పక్కనే ఉండే ట్రైనర్ చెయ్యి తిప్పి చూసి వద్దంది. కోచ్ ఒక్క మాట ఎదురు చెప్పలేదు. నలుగురితోనే ఆడారు. ఇక తీసేయడానికి అయిదో లెక్క లేదు, నలుగురిదీ కలపాల్సిందే. ఓడిపోయారు. సాయంత్రం మా మేనకోడల్ని మధ్యలో పెట్టుకుని కోచ్‌ని అడిగాను, "మీరు గట్టిగా చెబితే ఆడించొచ్చుగా?" అని. ఆవిడ నవ్వి, "ఆ నిర్ణయం నా చేతిలో ఉండదు. ఉండకపోవడమే మంచిది, ఎందుకంటే నాకు గెలవాలని ఉంటుంది" అంది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నాకూ గెలవాలనే ఉంది. పిల్ల భవిష్యత్తు కోసం దింపానని ఏడేళ్లు చెప్పుకున్నాను. నిజానికి దింపింది నా కప్పు కోసం.

తిరిగొచ్చాక ఒక పద్ధతి పెట్టాను. దెబ్బ తగిలిన పిల్ల ఆడాలా వద్దా అన్నది నేను చెప్పను, ఆ పిల్లా చెప్పదు. మా ఊళ్లో ఫిజియోథెరపీ చేసే ఆవిడ్ని బతిమాలి టోర్నమెంట్లకి తీసుకెళ్లేదాన్ని. ఆవిడ మాటే ఆఖరు. ఆ జాగ్రత్త వల్ల రెండు ఫైనల్స్ ఓడిపోయాం కూడా. మోకాలి లిగమెంట్ గాయాలు మగపిల్లల కంటే ఆడపిల్లలకి ఎక్కువని చదివి, ఫుట్‌బాల్ వాళ్ల "ఫిఫా 11 ప్లస్" వార్మప్ నేర్చుకున్నాను. 20 నిమిషాలు. దూకితే మోకాళ్లు లోపలికి వాలకుండా ఎలా దిగాలో నేర్పుతుంది. మన ఎర్రమట్టి మీద కూడా బాగానే పనికొచ్చింది.

సన్మానం అయ్యాక భోజనాల దగ్గర ఒకావిడ కొద్దిగా కుంటుతూ వచ్చి నమస్కారం పెట్టింది. నంబర్ 7. కైకలూరులో రొయ్యలు కొనే చోట లెక్కలు రాస్తోందట. పక్కన ఆరో తరగతి పిల్ల.

"నీకు చెప్పాల్సింది ఒకటుంది. ఆ రోజు నేను నిన్ను దింపకుండా ఉండాల్సింది. తప్పు నాది" అన్నాను.

కాసేపు మాట్లాడలేదు. "నాకు తెలుసు మేడమ్. చాలా ఏళ్లు కోపంగానే ఉన్నాను" అంది. ఎందుకో ఆ మాట వినగానే వాళ్లమ్మ ఇచ్చిన ఎండుచేపల బరువు కాస్త దిగినట్టయింది. తర్వాత కూతుర్ని ముందుకి తోసి, "ఇది కబడ్డీ ఆడతానంటోంది. మీరే నేర్పాలి. కానీ నేను పక్కనే కూర్చుంటాను" అంది.

ఇప్పుడు ఆదివారాలు మా ఊరి స్కూలు గ్రౌండ్‌లో పదిమంది పిల్లలు వస్తున్నారు. ముందు 20 నిమిషాలు వార్మప్. నంబర్ 7 చెట్టు కింద కుర్చీ వేసుకుని ఫోన్లో టైము చూస్తూ ఉంటుంది. 18 నిమిషాలకే నేను విజిల్ వేయబోతే, "ఇంకా రెండు నిమిషాలుంది మేడమ్" అని అక్కడి నుంచే కేకేస్తుంది.