కోరంగి రేవులో ఒక రోజు

ఢిల్లీ పరిసరాలలో ఉద్యోగరీత్యా స్థిరపడిన మనవంటి కుటుంబాలకు సముద్రం దూరపు మాట. మా పిల్లలు ఎరిగిన నావలు యమునలోని చిన్న పడవలే. జనపథ్‌లోని జాతీయ మ్యూజియంలో ఓడల నమూనాలు చూస్తూ మా చిన్నమ్మాయి, "నాన్నగారూ, మన తెలుగువాళ్ళకు ఓడలు ఉండేవి కావా?" అని అడిగింది. ఆ ప్రశ్నే గత శీతకాలంలో మమ్మల్ని కోరంగికి నడిపించినది.

ఆంధ్రప్రదేశ్ ఎక్స్‌ప్రెస్‌లో సామర్లకోట చేరి, కాకినాడ మీదుగా యానాం రహదారి పట్టాము. తాళ్ళరేవుకు చేరువలోనే కోరంగి. 1978లో అభయారణ్యంగా ప్రకటించిన మడ అడవులను చూడటానికే ఇక్కడకు అందరూ వస్తారు. ఓడల కోసం వచ్చినవారం ఆనాడు మేమొక్కరమే కాబోలు.

పందొమ్మిదవ శతాబ్ది ఆరంభంలో కలకత్తాకు, ట్రింకోమలీకి నడుమ పెద్ద ఓడలను మరమ్మతు చేయగల రేవు ఇదొక్కటే. 1802లో ఎబెనెజర్ రోబక్ అనే ఆంగ్లేయుడు ఇక్కడ ఓడల మరమ్మతుకు డాక్ నిర్మించాడు. అయితే మమ్మల్ని ఆకర్షించినది ఆ డాక్ కాదు, ఈ తీరపు వర్తకులు సరుకులు నింపి పంపిన కొయ్య దోనె. ట్రింకోమలీలో ఓడల నిర్మాణాధికారిగా పనిచేసిన జాన్ ఎడ్య్ 1834లో కోరమండల తీరపు దోనె కొలతలను ప్రచురించాడు: పొడవు సుమారు 70 అడుగులు, వెడల్పు 20, లోతు 12, అడుగుభాగం చదును. ఆయనకది మోటు నిర్మాణంగా కనిపించినది. ఇంజనీరుగా మేము ఆ అభిప్రాయాన్ని అంగీకరించలేము. ఇసుక మేటలు వేసే నదీముఖంలో లోతైన ఓడ చిక్కుకొని ఒరిగిపోతుంది. చదునైన అడుగు గలది పోటు తీసినప్పుడు నేలపై కూర్చుండి, మరల పోటు రాగానే లేచిపోతుంది. ఎదురుగాలిలో ప్రక్కకు జారిపోవడం దాని లోపం. అందుకే మంచి ఋతువులోనే బయలుదేరేవారు.

కోరంగిని 1789 డిసెంబరులో మూడు ఉప్పెన అలలు వరుసగా ముంచినవి. మరల 1839 నవంబరు 25న మరొక తుఫాను. 'సైక్లోన్' అనే ఆంగ్లపదాన్ని సృష్టించిన హెన్రీ పిడింగ్టన్ మొదటి ఉప్పెనను గూర్చి వ్రాశాడు. అయినా రేవును చివరకు మూసివేసినది తుఫాను కాదు, గోదావరి ఒండ్రు. అదే ఒండ్రు సముద్రంలో హోప్ ఐలాండ్ అనే ఇసుకదిబ్బగా పెరిగి కాకినాడ రేవుకు అలల నుండి కాపుగా నిలిచినది. ఓడలన్నీ అక్కడికే తరలిపోయినవి.

తాళ్ళరేవు కాలువ ఒడ్డున ఒక కొయ్య పడవ తయారవుతూ కనిపించినది. పలకల సందులలో పత్తి కూరుతున్న వృద్ధ వడ్రంగిని నక్షా చూపమని అడిగాము.

"నక్షా లేదండి బాబూ. అడుగుదూలం ఎంత పొడుగో చెప్పండి, మిగతాదంతా దాన్నిబట్టి మేం కట్టేస్తామండి," అన్నారాయన.

చిన్న షెడ్డుకైనా మూడు నక్షాలు, ఏడు సంతకాలు కావలసిన మేము మారు పలుకలేకపోయాము. "తమరి పిల్లలు నేర్చుకున్నారా?" అని అడిగాము. ఇద్దరూ హైదరాబాదులో ఉన్నారట. పత్తి కూరడం ఆపకుండానే చెప్పారు.

మా తాతగారు రంగూను రేవులో మూటలు మోసినవారు. బర్మాలో మనవారిని ఈ రేవు పేరుతోనే 'కోరంగీలు' అనేవారు. 1930 మే నెలలో రంగూను రేవులో తెలుగు కూలీలపై దాడులు జరిగిననాడు ఆ పేరు వినబడితే ప్రాణభయమే. ఊరు తిరిగివచ్చాక ఆయన ఆ మాటను ఇంటిలో ఎవరినీ పలుకనిచ్చేవారు కాదు. అది ఒక ఊరి పేరని, ఆ ఊరిలో ఓడలు కట్టేవారని మాకు ఇంజనీరింగు పూర్తయిన తరువాత గాని తెలియలేదు.

తిరుగు ప్రయాణంలో రహదారి ప్రక్క పలక వద్ద కారు ఆపమని మా అమ్మాయి కోరినది. ఢిల్లీలో పుట్టిన పిల్ల. తెలుగు అక్షరాలు కూడబలుక్కొని చదువుతుంది. "కో... రం... గి" అని పైకి చదివి, తన ఫోనులో ఆ పలకను ఫోటో తీసుకున్నది.