కంచెకు ఇటు చెప్పులు, అటు బూట్లు

తిరుమణి దగ్గర సోలార్ పార్కు కంచె లోపల కనిపించిన కాళ్లన్నిటికీ బూట్లున్నాయి. కంచె బయట చెనక్కాయ చేలో కలుపు తీస్తున్న ఆడవాళ్లకు హవాయి చెప్పులు, వాటిని కూడా సగం మంది గట్టు మీదే విడిచారు. మధ్యలో ఉన్నది ఇనుప వల ఒక్కటే. ఇటూ అటూ అదే ఎర్రమట్టి, అవే కంప ముళ్లు. పాములకు వలతో పనే లేదు.

పావగడ తాలూకా పరిపాలన కర్ణాటకలోని తుమకూరు జిల్లాది, ఇంటిభాష తెలుగు. చుట్టూ చాలా మేరకు ఆంధ్రప్రదేశే. జిల్లా కేంద్రం కంటే హిందూపురం దగ్గర. ఊరి నెత్తిన కోట కొండ, ఊళ్లో శని మహాత్మ దేవాలయం, చుట్టుపక్కల వానకు మొహంవాచిన మెట్టభూములు. ఆ మెట్టల్లోనే తిరుమణి, వళ్లూరు, బాలసముద్రం, క్యాతగానచర్లు, రాయచర్లు అనే ఐదు ఊళ్ల పరిధిలో సుమారు 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల సోలార్ పార్కు లేచింది. 2018 మార్చి 1న ప్రారంభమై, 2019 చివరికి పూర్తయింది. భూమిని కొనలేదు. ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయల లెక్కన రైతుల దగ్గర కౌలుకు తీసుకున్నారు. భూమి ఉన్నవాళ్లకు కౌలు డబ్బు వచ్చింది, లేనివాళ్లకు చేలో కూలి పోయింది. వాళ్లలో కొందరు ఇప్పుడు అదే నేలలో ప్యానెళ్ల కింద గడ్డి కోస్తారు, ప్యానెళ్లు కడుగుతారు, రాత్రి కాపలా కాస్తారు. ఒకే కుటుంబంలో ఒకరికి బూట్లు, ఇంకొకరికి చెప్పులు ఎలా వచ్చాయన్న ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది.

ప్యానెళ్ల వరుసల మధ్య మమ్మల్ని తిప్పిన టెక్నీషియన్ కల్యాణదుర్గం వైపు కుర్రవాడు. బూట్ల గురించి అడగడానికి ఇంత దూరం వచ్చారా అని మొదట నవ్వాడు. తరువాత తనే ఆగకుండా చెప్పాడు.

"బూటు లేకుంటే గేటు దాటనీరు సార్. కొత్తలో శానా కోపమొచ్చేది. ఎండాకాలం కాళ్లు ఉడికిపోతాయి. ఒకరోజు స్టాండుకు బిగించే ఇనుప కమ్మీ జారి వేళ్లమీద పడింది. బూటు నొక్కుకుపోయింది గానీ వేళ్లు మిగిల్నాయి. ఆ పొద్దునుంచీ మాట్లాడకుండా ఏసుకుంటాండా."

అతని కాలి వేళ్లను కాచింది తోలు కింద దాగిన ఉక్కు టోపీ. ఐఎస్ 15298 ప్రమాణంలో సేఫ్టీ బూటు ముందుభాగం 200 జౌళ్ల దెబ్బకు తట్టుకోవాలి. అంటే ఇరవై కిలోల బరువు మీటరు ఎత్తునుంచి పడ్డా వేళ్లు నలగకూడదు. అడుగున మేకు దిగకుండా పలుచని ఉక్కు రేకో, గట్టి నేత పొరో ఉండే రకం వేరే ఉంటుంది. అన్ని సేఫ్టీ బూట్లలోనూ అది ఉండదు. కొనేవాళ్లు ఎక్కువగా ఏమరుపాటు పడేది ఈ ఒక్క చోటే. ముందుభాగం తట్టి చూసి, టంగుమంటే చాలనుకుని డబ్బు ఇచ్చేస్తారు. కంపముల్లు గానీ తుప్పు మేకు గానీ వచ్చేది అడుగునుంచి.

సోలార్ పార్కుకు ఇంకో చిక్కుంది. వెలుగు పడుతున్నంతసేపూ ప్యానెల్‌లో కరెంటు పుడుతూనే ఉంటుంది. స్విచ్ ఆపితే ఆగే సరుకు కాదు. పొడిగా ఉన్న మంచి సోలు కొంత అడ్డు నిలుస్తుంది. నీళ్లతో తడిసి, చిల్లుపడిన సోలు ఆ పని చేయదు. అందుకే ప్యానెళ్లు కడిగేవాళ్లూ వైరింగ్ చూసేవాళ్లూ ఒకే రకం బూట్లతో సరిపెట్టుకోకూడదని టెక్నీషియన్ పదేపదే అన్నాడు.

పాముల మాట ఎత్తగానే పక్కనున్న కాపలాదారు కూడా గొంతు కలిపాడు. ప్యానెళ్ల నీడ చల్లగా ఉంటుంది, కడిగిన నీళ్లకు గడ్డి మొలుస్తుంది, ఎలుకలు చేరతాయి, వాటి వెంట పాములు. నాగుపాము పడగ విప్పి ముందే చెబుతుందట. అతనికి భయం పుట్టించేది జానెడు, మూరెడు ఉండే చిన్న పింజరి. పొలుసులు రాసుకుని గరగరమంటుంది, రాళ్ల రంగులో కలిసిపోతుంది, ఉన్నచోటునుంచి కదలదు. కాలు దాని మీదకే పోతుంది.

ఈ భయానికి లెక్కలున్నాయి. 2000 నుంచి 2019 వరకు దేశంలో పాముకాటుకు దాదాపు 12 లక్షల మంది చనిపోయారని 2020లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం తేల్చింది. సగటున ఏడాదికి 58,000 మంది. ఎక్కువ మరణాలున్న రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. చనిపోయినవాళ్లలో ఎక్కువమంది పల్లెల వాళ్లు, కాట్లలో ఎక్కువ భాగం కాళ్ల మీదే. 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పాముకాటును నిర్లక్ష్యానికి గురైన జబ్బుల జాబితాలో చేర్చింది. 2024 ఫిబ్రవరిలో కర్ణాటక ప్రభుత్వం ప్రతి పాముకాటునూ ఆస్పత్రులు తప్పక నమోదు చేయాలని ఆదేశించింది. ఆ మరుసటి నెలలో కేంద్రం 2030 నాటికి ఈ మరణాలను సగానికి తగ్గించే ప్రణాళిక ప్రకటించింది. ఇన్ని కాగితాల మధ్య మోకాలి కిందిదాకా వచ్చే ఒక జత గమ్‌బూట్ల ధర నాలుగైదు వందలు. ప్రభుత్వాలు రైతులకు విత్తనాలు, స్ప్రేయర్లు రాయితీ మీద ఇస్తున్నాయి. బూట్లు కూడా ఆ వరుసలో ఉండాల్సినవేనని నా పట్టుదల.

కానీ కంచె ఇవతలికి వచ్చి ఆ మాట అంటే చేలో అక్కలు ఒప్పుకోలేదు.

"బూట్లేసుకోని గొంతుక్కూచోని తొలిక పట్టల్లంటే అయితాదా సామీ? పిక్కకు కోసుకుంటాది. లేచేటప్పుడు పట్టుకోను మనిషి కావల్ల," అంది పెద్దావిడ. పక్కనున్న అమ్మాయి ఆమె మాట అందుకుంది. "వానపడినాక రావప్పా చూస్తువు. ఒక్కో బూటుకు రొండు కేజీల బురద."

ఇద్దరూ చెప్పింది నిజమే. గమ్‌బూటు నిలబడి నడిచే పనికి పుట్టింది. గొంతుకూర్చుంటే దాని అంచు పిక్కలోకి దిగుతుంది, మడమ దగ్గర మడత పడి ఒరుస్తుంది. ఉక్కు టోపీ బూటయితే వేళ్ల దగ్గర వంగదు. అంటే కలుపు తీతకు ఈ రెండూ పనికిరావు. చీలమండ దాకా వచ్చే గట్టి కాన్వాసు బూటు, మందపాటి రబ్బరు సోలు అయితే కొంత నయం. చెనక్కాయ పీకి, కట్టె వామి వేసి, మళ్లీ ఆ వామి కదిలించే రోజులు వేరు. వామి కింద ఎలుకలుంటాయి. ఆ రోజు కాళ్లకు గమ్‌బూటు ఉండాలి, చేతిలో కర్ర ఉండాలి. రాత్రి మోటారు వేయడానికి పోయే మగవాళ్లకు దాంతోపాటు టార్చి. ఇలా విడదీసి చెప్పేసరికి పెద్దావిడ తల ఊపింది. ఏడాదంతా బూట్లు వేసుకోమంటే ఎవరూ వినరు. ఫలానా పది పనులకు వేసుకోమంటే వింటారు.

బూటు ఉన్నా కాటు పడొచ్చు. రక్తపింజరి కోరలు అర అంగుళం దాటుతాయి, పలుచని రబ్బరు వాటిని ఆపుతుందని ఎవరూ పూచీ పడలేరు. పడితే కట్టు బిగించకుండా, కోయకుండా, కాలు కదలనీయకుండా ఆస్పత్రికి చేర్చాలి. నాటువైద్యుడి దగ్గర గడిపిన గంటే చాలా ప్రాణాలు తీసింది.

పావగడ బజారులో చెప్పుల అంగడి యజమానిది తాత కాలంనుంచీ ఇదే వ్యాపారం. శనివారం ఊళ్లో భక్తుల రద్దీ. గుడి దగ్గర చెప్పులు పోతే శని వదిలిందనుకునే నమ్మకం తన వ్యాపారానికి మంచిదేనని కన్ను గీటాడు. బూట్లు కొనేవాళ్లను మాత్రం సాయంత్రం రమ్మంటాడు. పగలంతా తిరిగిన కాలు కొంచెం ఉబ్బుతుంది, పొద్దున సరిపోయిన బూటు సాయంత్రానికి పట్టేస్తుంది. వేసుకోబోయే మేజోళ్లతోనే కొలత చూడాలి. బొటనవేలి ముందు వేలెడు ఖాళీ ఉండాలి, మడమ మాత్రం లోపల జారకూడదు. అంగట్లోనే పది మెట్లు దిగి చూడమంటాడు. దిగేటప్పుడు వేళ్లు ముందుకు కొట్టుకుంటే ఆ సైజు వద్దు.

అతను చెప్పిన మరో సంగతి చాలామందికి తెలియదు. అవసరానికి పనికొస్తాయని కొని అటక మీద దాచిన బూట్లు నాలుగైదేళ్లకు అడుగు ఊడిపోతాయి. సోలులోని పాలియురెథేన్ గాలిలో తేమను పీల్చుకుని లోలోపలే పిండి అవుతుంది. వాడకుండా మూలపడేస్తే అది మరీ తొందరగా జరుగుతుంది. "తోలు కొత్తగా ఉంటాది సార్, నాలుగడుగులేస్తే సోలు రాలిపోతాది. వానలో, వరదలో అట్లయితే ఏమి గతి?" బొటనవేలి గోరుతో సోలు అంచు నొక్కి, బీట పడినా జిగటగా తగిలినా పక్కన పెట్టమన్నాడు. దాచిపెట్టడానికే అయితే గట్టి రబ్బరు సోలు తీసుకోవాలి. అయినా వారానికోసారి తొడుక్కుని తిరగాలి. లేకుంటే తోలు కాలికి అలవాటు పడదు, ఆపదరోజున మొదటి మైలులోనే బొబ్బలెక్కుతాయి. భూకంపాల భయమున్న కాలిఫోర్నియాలో గట్టి బూట్లను సంచిలో పెట్టి మంచం కోడుకు కట్టుకోమంటారు. అర్ధరాత్రి పగిలిన గాజు మీద వట్టికాళ్లతో దిగకుండా ఆ జాగ్రత్త. మన సీమలో మంచం కింద బూట్లు పెట్టుకునేవాళ్లు ఇంకో పని చేయాలి. తొడిగేముందు తిరగేసి దులపాలి. తేలుకు చీకటి సందు చాలు.

వరద మాట వచ్చింది గనుక ఇదీ చెప్పాలి. నాగలమడికె పక్కన పారే ఉత్తర పినాకిని ఎక్కువ కాలం ఇసుకే. నీళ్లొచ్చినప్పుడు మాత్రం ఉన్నట్టుండి వస్తాయి. పారే నీళ్లలో గమ్‌బూటు కంటే తాడు బిగించిన బూటే మేలు. గమ్‌బూటులోకి నీళ్లు దిగితే కాలు ఎత్తలేం.

పావగడలో స్వామి జపానంద నడిపిస్తున్న స్వామి వివేకానంద గ్రామీణ ఆరోగ్య కేంద్రం కుష్ఠు రోగులకు ఏళ్లుగా చికిత్స చేస్తోంది. బూట్ల కథలో ఆ రోగుల పాదాలకు చోటివ్వాలి. 1946లో వెల్లూరు చేరిన డాక్టర్ పాల్ బ్రాండ్, కుష్ఠు రోగి పాదం పుండయ్యేది నొప్పి తెలియకేనని గుర్తించాడు. ముల్లు దిగినా, చెప్పు కరిచినా వాళ్లకు తెలియదు. మెత్తని మైక్రోసెల్యులర్ రబ్బరు చెప్పులు ఆ ఆలోచననుంచే వచ్చాయి. ఇప్పుడు పల్లెల్లో చక్కెర జబ్బు ఉన్నవాళ్లదీ అదే స్థితి. అలాంటి కాలికి గట్టి బూటు రక్ష కావచ్చు, గాయమూ కావచ్చు. విప్పిన ప్రతిసారీ పాదం అడుగు అద్దంలో చూసుకోవాలి.

మళ్లీ అంగడికి వస్తే, అసలు అడ్డంకి అక్కడ కనిపించింది. చేలో కలిసిన అమ్మాయి చుట్టాలతో కలిసి సాయంత్రం వచ్చింది. కాన్వాసు బూట్లు అడిగింది. ఉన్న వాటిలో చిన్నది ఆరో నంబరు. ఆమెది నాలుగు. రెండు జతల మేజోళ్లు తొడిగినా మడమ జారుతోంది. మగవాళ్ల పాదాలకే అచ్చులు పోస్తారని, ఆడవాళ్ల సైజులు బెంగళూరునుంచి తెప్పించాలని, పది జతలైతే గానీ అక్కడివాళ్లు పంపరని యజమాని చెప్పాడు. అడ్వాన్సు జతకు వంద.

"పది మందిమి యాడ ఉండాం అన్నా?" అంటూనే ఆమె వేళ్లు మడిచి లెక్క మొదలుపెట్టింది. కలుపుకొచ్చే వాళ్లు ఐదుగురు, సోలార్‌లో గడ్డి కోసే పిన్నమ్మ, ఆమె కోడలు. ఏడు దగ్గర ఆగి, వళ్లూరులో మేనత్తకు ఫోన్ కలిపింది. సైజు ఎంతో తెలియదంది మేనత్త. పాదం కాగితం మీద పెట్టి గీత గీసి పంపమని యజమాని వెనకనుంచి అరిచాడు.